నీలం పెన్సిల్

నా పని నకళ్ళు రాయడం.
ఆయన రాత్రంతా కొట్టివేతలతో, కాఫీ మరకలతో రాసినదాన్ని
పద్నాలుగు మందికి పద్నాలుగు కాగితాలుగా విడదీయడం.
ట్రంపెట్లకు మూడు, సాక్సఫోన్లకు అయిదు, ట్రాంబోన్లకు రెండు,
మిగిలినవి వెనక కూర్చునేవాళ్ళకి.
బఫెలోలో, మంగలి షాపు పైన గదిలో
సరస్సు మీంచి వచ్చే గాలికి
సిరా ఆరేది కాదు, గడ్డకట్టేది.

లెమ్యుయెల్ వాంటర్‌పూల్.
అంత పేరు పట్టదని డాన్సు హాలు వాళ్ళు
పోస్టరు మీద 'పూల్' అని అచ్చేశారు.
ఆయనేమీ అనలేదు.

'రెండో షిఫ్టు' అని ఒకటి కట్టాడు.
శనివారం రాత్రి అది తొమ్మిది నిమిషాలు నడిచేది.
ఉక్కు మిల్లు దిగినవాళ్ళు బూట్ల మసితోనే ఆడేవాళ్ళు.
నడిమధ్యన హోరేస్ టిడ్‌వెల్ లేచేవాడు.
పొడుగు మనిషి, ట్రాంబోన్ చాపితే
ముందు వరుస తలలు వంచుకునేది.
పదహారు ఆవర్తాలు.
వాటిని నేనెప్పుడూ రాయలేదు, రాయడానికేమీ లేదు.
ఆయన కాగితంలో అక్కడ ఖాళీ గీతలు,
పైన ఒకే మాట: హోరేస్.

నలభై రెండు, జులై ఆఖరు. న్యూయార్క్.
సమ్మె రాబోతోందని బ్యాండ్లన్నీ స్టూడియోల మీద పడ్డాయి.
మాకు దొరికింది ఒక గంట.
రికార్డు ఒక్కో వైపూ మూడు నిమిషాలే పడుతుంది.
అద్దం వెనక కుర్రాడు గడియారం చూపించి
వేలితో గొంతు కోసుకున్నట్టు సైగ చేశాడు.

ఆయన నీలం పెన్సిల్ తీశాడు.
ట్రంపెట్ల జవాబు కొట్టేశాడు. చాల్లేదు.
పియానో ఎత్తుగడ, తన సొంతం, కొట్టేశాడు. చాల్లేదు.
పెన్సిల్ కొన నములుతూ చాలాసేపు నించున్నాడు.
తర్వాత ఆ ఒక్క మాట మీంచి ఒక గీత.
ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.
గీత నిటారుగా ఉంది. చెయ్యి వణకలేదు.
వణికి ఉంటే బాగుండేదని
కొన్నేళ్ళు అనుకున్నాను.

హోరేస్ 'సరే' అన్నాడు,
గది ఇవ్వని ఊళ్ళలో బస్సులోనే పడుకుందామంటే
అన్నట్టుగానే.
మ్యూట్ పెట్టి వాయించాల్సినవి రెండే స్వరాలు కాబట్టి
అతన్ని మైకు పక్కనే నించోబెట్టారు.

ఎర్ర లైటు.
నేను తలుపు దగ్గర ఉన్నాను, చూశాను.
ఆ చోటు రాగానే అలవాటు అతని చేతుల్ని లేపింది,
ఇత్తడి పెదాల దాకా వెళ్ళింది,
ఛాతీ నిండింది,
అప్పుడు గుర్తొచ్చింది.
సాక్సఫోన్లు అతన్ని దాటుకుని వెళ్ళిపోయాయి.
మళ్ళీ వాయించే టైము లేదు. గంట అయిపోయింది.

వారం తిరక్కుండానే సంఘం రికార్డింగులు ఆపించింది.
రెండేళ్ళ పాటు మేం వాయించినదంతా
విన్న గోడలు కూడా ఇప్పుడు లేవు,
వాటి మీంచి హైవే పోతోంది.
హోరేస్ రేవులో ధాన్యం గిడ్డంగికి వెళ్ళాడు, పార పనికి.
ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో
ఊరందరికీ తెలుసు.

ముప్పై ఏళ్ళ తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు.
మర్యాదస్తులు. పాతవన్నీ కలిపి పెద్ద రికార్డు వేస్తారట.
'గరగరలన్నీ శుభ్రం చేశాం, వినండి' అన్నారు.
చర్చి నేలమాళిగలో పిల్లల పియానో పాఠం ఆపి
ఆయన విన్నాడు.
ఆ చోటు దగ్గర తలెత్తాడు.
గడ్డి కోసినట్టు నున్నగా ఉంది.
'ఇక్కడొక మనిషి ఉండాలే' అన్నాడు.
వాళ్ళు జాబితా తిరగేసి చూశారు.
'దీంట్లో ట్రాంబోన్ సోలో లేదండీ.'
'లేదు' అన్నాడు ఆయన. 'నేనే తీసేశాను.'
పిల్లల్ని మళ్ళీ మొదటి పాఠం నుంచి వాయించమన్నాడు.

నా పాత రికార్డుకి అంచున బీట.
తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది.
సూది ఎగరకుండా పైన ఒక నాణెం పెడతాను.
గరగరలోంచి, సరిగ్గా ఆ చోట,
ఒక పొడుగు మనిషి గాలి పీల్చుకోవడం వినిపిస్తుంది.
వదలడం వినిపించదు.